తిన్నని బెజ్జం: చేతి బరమా చరిత్ర

చేతితో పట్టి తిప్పే పనిముట్టుతో గట్టి వస్తువులో రంధ్రం చేయడం ఒక విద్య, ఆ రంధ్రం అనుకున్న గీత తప్పకుండా ఆవలి వైపు తేలేటట్లు నడిపించడం వేరొక విద్య. మొదటిదానికి గట్టి మొనా, ఓర్పూ ఉంటే చాలు; రెండోదానికి మాత్రం తిరిగే మొనను ఆద్యంతం ఒకే దిశలో నిలిపి ఉంచే ఆధారం ఏదో ఒకటి ఉండాలి. తెలుగు వడ్రంగులు బరమా అని పిలిచే ఈ సాధనం గతాన్ని పరిశీలిస్తే, పనివారు మొదటి విద్యను అన్ని చోట్లా తొందరగానే పట్టుకున్నారనీ, వారి తెలివిలో ఎక్కువ భాగం రెండోదాని కోసమే ఖర్చయిందనీ తెలుస్తుంది. మొనలు చెకుముకిరాతి నుంచి ఉక్కు దాకా, తిప్పే శక్తి విల్లు నుంచి విద్యుత్తు దాకా మారినా, వాలు లెక్క మాత్రం ఎన్నడూ మారలేదు. ఒక్క డిగ్రీ ఒరిగిన మొన పది సెంటీమీటర్ల లోతుకు చేరేసరికి సుమారు 1.75 మిల్లీమీటర్లు దారి తప్పుతుంది. ఒక్క డిగ్రీ ఒరుగును వట్టి కంటితో పసిగట్టడం అనుభవం ఉన్నవారికి కూడా కష్టమే.

దక్షిణాసియాలో ఈ పని ఎంత పాతదో బలూచిస్తాన్‌లో, బోలాన్ కనుమ సమీపంలోని మెహర్‌గఢ్ తవ్వకాలు చూపించాయి. అక్కడి నవీన శిలాయుగపు శ్మశానంలో తొమ్మిది మంది పెద్దవారి దంతాల్లో మొత్తం పదకొండు చోట్ల బరమాతో తొలిచిన గుంటలు ఉన్నాయనీ, అవి సుమారు 9000 నుంచి 7500 ఏళ్ల కిందటివనీ 2006లో నేచర్ పత్రికలో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. బతికి ఉన్న మనిషి పంటిని తొలవడానికి తెగించిన చేతులు ఆ పనిని అక్కడే కొత్తగా నేర్చుకుని ఉండవు. ఆ ఊళ్లోనే రాతి పూసలు తయారయ్యేవి, వాటిని తొలిచే సన్నని చెకుముకి మొనలు కూడా దొరికాయి. కనుక పూసల పని వారి నైపుణ్యమే వైద్యానికి ఉపయోగపడిందని భావించడం సమంజసం.

ఆ కాలం నుంచి దాదాపు నిన్నమొన్నటి దాకా సన్నని రంధ్రాలకు వాడిన సాధనాల్లో ముఖ్యమైనది విల్లు బరమా. మొన బిగించిన సన్నని కదురుకు వింటి తాటిని ఒక చుట్టు చుట్టి, వింటిని ముందుకూ వెనక్కూ లాగితే కదురు ఒకసారి కుడికీ, ఒకసారి ఎడమకూ గిర్రున తిరుగుతుంది. కదురు పై కొన మీద గుంట ఉన్న రాతినో, చెక్కనో, చిప్పనో మూతగా పెట్టి రెండో చేత్తో అదిమి పట్టుకుంటారు. అమరిక ఎంత సులువుగా కనిపించినా, దీనిలోనే వంకరకు మూడు మూలాలున్నాయి. వింటిని లాగిన ప్రతిసారీ తాడు కదురును తన వైపు ఈడుస్తుంది. మూత పట్టుకున్న చేయి అలసినకొద్దీ పక్కకు జారుతుంది. కింద ఉన్న వస్తువు సరిగా బిగిసి ఉండకపోతే అదీ కదులుతుంది. లాగుడూ తోపుడూ సమానంగా ఉన్నంతసేపు రంధ్రం నోరు కాస్త వెడల్పవుతుందే గాని దిశ మారదు. ఒక వైపు బలం ఎక్కువైతే మాత్రం మొన ఒరుగుతుంది, లోతు పెరిగాక దాన్ని మళ్లీ నిటారుకు తెచ్చే మార్గం ఉండదు.

ఈ ఇబ్బందులన్నింటి మధ్య సింధు నాగరికత పనివారు సాధించినది ఈ చరిత్రలో అత్యంత ఆశ్చర్యకరమైన ఘట్టం. క్రీస్తు పూర్వం 2600 – 1900 మధ్య వారు కార్నీలియన్‌తో, అంటే కాల్చి ఎర్రదనం రప్పించిన అగేటు జాతి రాతితో, నడుమ లావుగా, కొనలు సన్నగా ఉండే పొడవాటి పూసలు చేశారు. వాటిలో కొన్ని పది సెంటీమీటర్లు దాటుతాయి. కరాచీ సమీపంలోని అల్లాదినోలో ఇలాంటి 36 పూసలు గుచ్చిన మొలనూలు ఒకటి దొరికింది. ఇరాక్‌లోని ఊర్ రాజ శ్మశానంలో లియొనార్డ్ వూలీ వెలికితీసిన నగల్లోనూ సింధు పద్ధతి కార్నీలియన్ పూసలు కనిపించాయి; సింధు ప్రాంతంగా భావించే మెలుహ్హా దేశం నుంచి వచ్చే ఎర్రరాతిని మెసపొటేమియా రాతప్రతులు ప్రస్తావిస్తాయి. ఆ పూసల విలువ రంగు వల్ల మాత్రమే వచ్చింది కాదు, ఈ చివర నుంచి ఆ చివరకు సాగిన సన్నని రంధ్రం వల్ల కూడా వచ్చింది.

సింధ్‌లోని చన్హుదారోలో 1935–36లో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే ఒక పూసల కార్ఖానాను బయటపెట్టాడు. సగం చెక్కిన రాళ్లు, సగం తొలిచి విరిగిన పూసలు, రాతి బరమా మొనలు అక్కడ ఒకే చోట దొరకడంతో పని జరిగిన క్రమమంతా తెలిసివచ్చింది. ఆ మొనల రాయి ప్రకృతిలో మామూలుగా కనిపించేది కాదు. ఒక రకం సన్నని కణాల రాతిని ఎక్కువ వేడిలో కాల్చి దాని గట్టిదనాన్ని పెంచారని తరువాతి పరిశోధకులు జొనాథన్ మార్క్ కెనోయర్, మాసిమో విదాలే నిర్ధారించి, మెకే గౌరవార్థం దానికి ఎర్నెస్టైట్ అని పేరు పెట్టారు. గుజరాత్‌లోని ధోలావీరాలో ఇలాంటి మొనలు వెయ్యికి పైగా దొరికాయి. ఆ మొనల ఆకారం గమనించదగినది. సన్నని స్తంభంలా ఉండే మొన కొస దగ్గర కాస్త లావుగా, నడుమ కాస్త సన్నగా ఉంటుంది. కోసే భాగం వెడల్పుగా ఉండి, వెనుక భాగం సన్నబడితే రాపిడి తగ్గుతుంది, రాతిపొడి కలిసిన నీరు పైకి రావడానికి సందు దొరుకుతుంది, మొన రంధ్రంలో ఇరుక్కుని విరిగే ప్రమాదం తగ్గుతుంది.

ప్రయోగాల్లో ఈ రాతి మొనతో కార్నీలియన్‌ను తొలిస్తే గంటకు సుమారు రెండున్నర మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి దిగింది. ఆ వేగంతో పది సెంటీమీటర్ల పూసకు నలభై గంటల తొలుపు అవసరమవుతుంది. నీరు ఆగినా, చేయి తొందరపడినా పుట్టే వేడికి రాయి పగులుతుంది, అంతకు ముందు చెక్కి నునుపు చేసిన శ్రమంతా వృథా అవుతుంది. అంత పొడవున ఒకే వైపు నుంచి పోవడం సాధ్యం కాదు కాబట్టి సగం ఈ చివర నుంచీ, సగం ఆ చివర నుంచీ తొలిచేవారు. రంధ్రం రెండు మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే, రెండు వైపులా ఒక్కో డిగ్రీ ఎదురెదురు దిక్కులకు ఒరిగినా, ఐదు సెంటీమీటర్ల లోతున కలుసుకోవలసిన రెండు దారులు దాదాపు ఒకదాన్నొకటి తప్పిపోతాయి. ఈ లెక్క తెలిశాక, తిన్నగా కుదిరిన ఒక్కో సింధు పూసా వట్టి అలంకార వస్తువుగా కనిపించదు. రాతిని ముందే ఇరువైపులా సమంగా చెక్కి నిటారు పూసగా మలచడం వల్ల పనివాడి కంటికి ఒక అక్షం, అంటే పూస నడిబొడ్డు గుండా పోయే ఊహారేఖ, దొరికేది; రంధ్రం కొంత లోతుకు చేరాక దాని గోడలే మొనకు దారి చూపేవి. మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే పూస భవితవ్యం తేలిపోయేది.

ఈ రంధ్రాల లోపలి సంగతులు తెలుసుకున్న పద్ధతి కూడా చెప్పుకోదగినదే. అమెరికా దంతవైద్యుడు లియొనార్డ్ గొరెలిక్, దంతవైద్య శాస్త్ర ఆచార్యుడు జాన్ గ్విన్నెట్ పంటి అచ్చులు తీయడానికి వాడే సిలికాన్‌ను ప్రాచీన పూసల రంధ్రాల్లో నింపి, గట్టిపడిన అచ్చును బయటికి లాగి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టారు. మొన ఏ పదార్థమో, పొడి వేసి తొలిచారో లేదో, రెండు వైపుల దారులు నడుమ ఎక్కడ చిన్న మెట్టుతో కలిశాయో ఆ అచ్చు మీది గీతలు తెలియజేశాయి. మెహర్‌గఢ్‌లో పూసల విద్య దంతాలకు వెళ్లింది. వేల ఏళ్ల తరువాత దంతాల విద్య పూసల చరిత్రను వెలికితీసింది.

ఈజిప్టులో ఇదే సమస్యను మరోలా ఎదుర్కొన్నారు. క్రీస్తు పూర్వం పదిహేనో శతాబ్దంలో తీబ్స్‌లో ఈజిప్టు రాజుకు మంత్రిగా ఉన్న రెఖ్‌మిరే సమాధి గోడల మీది చిత్రాల్లో ఒక పూసల పనివాడు ఒకే వింటితో మూడు కదుళ్లను ఒక్కసారే తిప్పుతూ కనిపిస్తాడు. అతడి ఒక్క చేయి మూడింటినీ విడివిడిగా సరిదిద్దలేదు గనుక, పూసలు ముందుగానే బల్ల మీద నిటారుగా కుదిరి ఉండాలి. అంటే తిన్నదనం బాధ్యత చేతి నుంచి అమరికకు మారడం అక్కడే మొదలైంది.

భారతదేశంలో తరువాతి పెద్ద మార్పు వజ్రం మొనతో వచ్చింది. ఇనుప కడ్డీ కొసకు చిన్న వజ్రపు పెచ్చులు పొదిగి కఠినమైన రాళ్లను తొలిచే పద్ధతి క్రీస్తు శకం ఆరంభం నాటికే ఇక్కడ స్థిరపడింది. వజ్రం పగిలితే వచ్చే కంటికి ఆనని ముక్కలను చెక్కుడు పనివారు ఇనుములో పొదిగి వాడతారని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ నమోదు చేశాడు. పద్దెనిమిదో శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడే దాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లాయి. వాటిలో కృష్ణా లోయ గనుల వాటా గొప్పది, నేడు పులిచింతల జలాశయంలో మునిగి ఉన్న కొల్లూరు వాటిలో పేరుమోసినది. రాజుల కిరీటాల్లోకి వెళ్లిన పెద్ద రాళ్ల చరిత్రే ఎక్కువగా రాయబడింది గాని, నగకు పనికిరాని పెచ్చులు బరమా మొనలుగా చేసిన సేవ అంతకన్నా విస్తృతమైనదని చెప్పవచ్చు.

గుజరాత్‌లోని ఖంభాత్‌లో ఈ పద్ధతి ఆధునిక కాలం దాకా సాగింది. భరూచ్ ప్రాంతపు రతన్‌పూర్ గనుల నుంచి వచ్చే రాతిని చెక్కి, పూసను కర్ర పట్టుడులో బిగించి, దాని మీద నీటి చుక్కలు పడేటట్లు ఏర్పాటు చేసి, విల్లు బరమాతో తొలుస్తారు. ముందుగా మొన జారిపోకుండా చిన్న గుంట పెట్టుకుని, ఆ తరువాత కడ్డీ కొసన ఇరుపక్కలా రెండు వజ్రపు పెచ్చులు పొదిగిన మొనను దించుతారు. రెండు పెచ్చులూ కడ్డీ అంచు దాటి కొంచెం బయటికి ఉండడంతో రంధ్రం కడ్డీ కన్నా వెడల్పుగా తెగుతుంది, కడ్డీ ఇరుక్కోదు. సింధు మొనలో కొస లావు, నడుమ సన్నం చేసిన ఉపాయమే ఇక్కడ లోహంలో తిరిగి కనిపిస్తుంది. రాతి మొనతో గంటలు పట్టిన లోతు వజ్రంతో నిమిషాల పనిగా మారింది. అయినా రెండు వైపుల నుంచీ తొలిచి నడుమ కలపడం మాత్రం మానలేదు.

ముత్యాల పనిలో కష్టం మరో రకంది. ముత్యం రాయంత గట్టిది కాదు గాని గుండ్రంగా, నున్నగా, చిన్నదిగా ఉంటుంది. పట్టుకోవడానికి అంచు లేదు, చూపు నిలపడానికి గీత లేదు. పంతొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో సింహళంలో క్రైస్తవ బోధకుడిగా పనిచేసిన జేమ్స్ కార్డినర్, 1807లో అచ్చయిన తన పుస్తకంలో మన్నారు సింధుశాఖ ముత్యాలను తొలిచే తీరును దగ్గర నుంచి వర్ణించాడు. మెత్తని కర్రతో చేసిన దిమ్మెను మూడు కాళ్ల మీద నిలిపి, దాని చదునైన పైభాగంలో చేసిన గుంటల్లో ముత్యాలను పెట్టేవారు. వాటిని గుంటల్లోకి తట్టి బిగించేవారు. పనివాడు కదురును నిలిపి, చేత్తో వింటిని ఆడిస్తూనే, విల్లు పట్టిన చేతి చిటికెన వేలిని కొబ్బరి చిప్పలోని నీళ్లలో ముంచి ముత్యాన్ని తడిపేవాడు. అందుకోసం విల్లు ఆగేది కాదు. ఇలా ఒక్కరే రోజుకు వందల ముత్యాలు తొలిచేవారని కార్డినర్ రాశాడు. ముత్యాన్ని పట్టుకున్నది మెత్తని కర్రే గాని ఇనుము కాకపోవడం వల్ల దాని నిగనిగ చెడేది కాదు, గుంట ముత్యానికి తగ్గట్టు ఒదిగి అన్ని వైపులా సమంగా అదిమేది.

పారశీక సింధుశాఖ ముత్యాలు, ముఖ్యంగా బసరా ముత్యాలుగా పేరుపొందినవి, నిజాముల కాలంలో హైదరాబాదుకు వచ్చి చేరడంతో ఆ నగరం ముత్యాల వ్యాపారానికి కేంద్రమైంది. చార్మినార్ సమీపంలోని పత్తర్‌గట్టీ దుకాణాలు నేటికీ దానికి సాక్ష్యం. దండలో ముత్యాలు ఒకదాని పక్కన ఒకటి సమంగా కూర్చోవాలంటే ప్రతి రంధ్రమూ నడిబొడ్డు గుండానే పోవాలి. కాస్త పక్కకు పోయిన ముత్యం దారం మీద ఒరిగి నిలుస్తుంది, దండ వరస చెడుతుంది. కొనేవారు మెరుపూ, గుండ్రదనమూ చూసి ధర కడతారు గాని, దండకు ఒద్దిక తెచ్చిన చేతికి దక్కవలసిన పేరు దక్కలేదు.

కర్ర పనిలో కథ వేరుగా నడిచింది. కర్రకు లావాటి, లోతైన రంధ్రాలు కావాలి; వాటికి విల్లు బలం చాలదు. ఐరోపాలో పడవలు కట్టేవారు అడ్డపిడి ఉన్న పెద్ద బరమాలను రెండు చేతులతో తిప్పేవారు, కాని ప్రతి అర చుట్టుకూ చేతులు మార్చి పట్టుకోవలసి రావడంతో ఆ మార్పుల్లోనే మొన ఊగేది. పదిహేనో శతాబ్దపు తొలి భాగంలో బ్రేస్ అనే వంకీ బరమా అక్కడి చిత్రాల్లో కనిపించడం మొదలైంది. ప్రస్తుతం న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియంలో ఉన్న మెరోడ్ చిత్రఫలకంలో జోసెఫ్ తన పనిగదిలో కూర్చుని చెక్కపలకలో వరసగా బెజ్జాలు చేస్తున్న బరమా ఇదే. పై గుండీని ఒక చేత్తోనో, ఛాతీతోనో అదిమి, నడుమ ఉన్న వంకీని మరో చేత్తో చుట్టూ తిప్పితే మొన ఆగకుండా ఒకే వైపు తిరుగుతుంది. విల్లు బరమా మొన ఇటూ అటూ తిరుగుతుంది కనుక అది రెండు వైపులా గీకేదిగానే ఉండాలి. ఒకే వైపు తిరిగే మొనకైతే నిజమైన కత్తి అంచు పెట్టవచ్చు, పెచ్చులను పైకి తోసే మెలికను కూడా పెట్టవచ్చు. తరువాతి నాలుగు శతాబ్దాల అభివృద్ధికి ఈ ఒక్క మార్పు దారి తెరిచింది.

మెలి తిరిగిన బరమా కర్ర పనిలో ముందు స్థిరపడింది. అమెరికాలో 1809లో ఎజ్రా లొమెడ్యూ, 1855లో రస్సెల్ జెన్నింగ్స్ అలాంటి మొనలకు పేటెంట్లు పొందారు. మొన చివర ఉండే చిన్న మర కర్రను పట్టుకుని తనంతట తానే లోపలికి లాగుతుంది, కాబట్టి పనివాడు బలంగా అదమనక్కరలేదు. అదిమే బలం తగ్గితే చేయి ఒరగడమూ తగ్గుతుంది. అయినా వంకీ తిప్పే చేయి పై గుండీని తనతో పాటు గుండ్రంగా లాగే గుణం బ్రేస్‌కు ఎప్పుడూ పోలేదు. గోడ వైపు అడ్డంగా తొలిచేటప్పుడు వడ్రంగులు మొన కాడకు వదులుగా ఒక ఉంగరాన్ని తగిలించేవారు. కాడ మట్టసంగా ఉంటే ఉంగరం ఉన్నచోటే ఆడుతుంది, వాలితే వాలు వైపు జారిపోతుంది. పైసా ఖర్చు లేని ఈ ఉపాయం చాలా ఖరీదైన మట్టపు పరికరాలతో సమానంగా పనిచేస్తుంది.

లోహానికి మెలి మొన కర్ర తరువాత చాలా కాలానికి వచ్చింది. కమ్మరి సాగగొట్టి చదును చేసి, చివర కోణంగా సానపట్టిన పలక మొనే అంతవరకు ఆధారం. దాని కోసే అంచు తప్ప మరే భాగమూ రంధ్రం గోడను తాకదు కాబట్టి లోహంలో గట్టి చోటు తగలగానే అది మెత్తని వైపుకు మళ్లిపోయేది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ప్రావిడెన్స్ టూల్ కంపెనీ తుపాకుల భాగాలను తొలవడానికి ఉక్కు కడ్డీల మీద గుండ్రటి ఆకురాయితో మెలి గాడులను చేత్తో రుద్ది తీసేది. ఈ నిదానపు పనికి బదులుగా ఏర్పడినదే జోసెఫ్ బ్రౌన్ 1862లో రూపొందించిన యూనివర్సల్ మిల్లింగ్ యంత్రం. ఒక మొనను తయారు చేయడానికి పుట్టిన ఆ యంత్రం తరువాత యంత్రశాలలన్నింటికీ మూలస్తంభమైంది. అదే సమయంలో మసాచుసెట్స్‌కు చెందిన స్టీఫెన్ మోర్స్ తన మెలి మొనకు 1863లో పేటెంట్ పొంది, మరుసటి ఏడు కంపెనీ స్థాపించాడు. మెలి మొనలో గాడుల పక్కనున్న సన్నని అంచులు తొలిచిన రంధ్రం గోడకు ఆనుకుని తిరుగుతాయి, గాడులు పొట్టును బయటికి మోస్తాయి. దిగినకొద్దీ మొనకు తన రంధ్రమే గొట్టంలా తోవ పట్టిస్తుంది. దాని లోపం ఆరంభంలోనే ఉంది: నట్టనడుమ ఉన్న మొద్దు అంచు కోయలేదు, రుద్దుతుంది, అందుకే నున్నని ఇనుము మీద మొన పక్కకు నడుస్తుంది. సెంటర్ పంచ్‌తో ముందుగా ఒక గుంట కొట్టుకోవడం అప్పటి నుంచీ తప్పనిసరి నియమమైంది. ఖంభాత్ పనివారు పూస మీద పెట్టుకునే తొలి గుంటకూ దీనికీ ప్రయోజనం ఒకటే.

విద్యుత్ బరమాకు 1889లో మెల్‌బోర్న్‌లో ఆర్థర్ ఆర్నట్, విలియం బ్రెయిన్ పేటెంట్ తీసుకున్నారు. 1895లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఫైన్ సంస్థ చేతితో పట్టుకునే విద్యుత్ బరమాను తయారు చేసింది. నేటి రూపం మాత్రం బాల్టిమోర్‌కు చెందిన డంకన్ బ్లాక్, అలోంజో డెకర్ 1917లో పేటెంట్ పొందిన పిస్తోలు పిడి, వేలి మీటల నుంచి వచ్చింది. ఈ పిడి సౌకర్యంగా ఉందని అందరూ పొగుడుతారు. అది పాక్షికంగానే నిజం. ఛాతీతో అదిమే పాత బరమాలో ఆ బలం మొన వెనుక నేరుగా, అదే గీతలో పడేది. పిస్తోలు పిడిలో అరచేయి మొన గీత కన్నా కింద ఉంటుంది, కాబట్టి బలంగా తోసినకొద్దీ యంత్రం వెనుక భాగం కిందికి వాలి, మొన పైకి చూస్తుంది. మోటారు బరువు కూడా అదే వైపు తోడవుతుంది. గోడలకు వేసిన బెజ్జాలు లోపలికి పోయినకొద్దీ పైకి ఎక్కడానికి కారణం చాలాసార్లు ఇదే, చేతి అజాగ్రత్త కాదు. అంతేగాక విల్లు బరమాతో తొలిచేవాడికి తప్పును గమనించి సరిదిద్దుకునే వ్యవధి గంటల తరబడి ఉండేది. విద్యుత్ మొన కొన్ని క్షణాల్లోనే లోపలికి పోతుంది, తప్పు కంటపడేసరికి రంధ్రం పూర్తయి ఉంటుంది.

యంత్రశాలలు మాత్రం తిన్నదనం బాధ్యతను అంతకు ముందే బల్లకు బిగించిన నిలువు డ్రిల్లింగ్ యంత్రానికి అప్పగించాయి. 1946 నుంచి గృహావసరాలకు చవక డ్రిల్లులు విరివిగా వచ్చినప్పుడు వాటిని బిగించుకునే చిన్న స్టాండ్లు కూడా అంగళ్లకు వచ్చాయి. స్టాండు చేరలేని గోడ మీద, ద్వారబంధం మీద, ఇంటి దూలం మీద పని చేసేవారు పాత ఉపాయాలనే నమ్ముకున్నారు. మొన పక్కన మూలమట్టం నిలిపి, దానికి సమాంతరంగా యంత్రాన్ని పట్టుకోవడం వాటిలో ఒకటి. పని చేసేవాడికి తన ఎడమకూ కుడికీ ఉన్న ఒరుగు తెలుస్తుంది గాని, తన ముందుకూ వెనక్కూ ఉన్నది తెలియదు. అందుకే పక్కన నిలబడి చూసి చెప్పే రెండో మనిషి ఉండడం మరొకటి. అన్నింటికన్నా నమ్మకమైనది దిమ్మె పద్ధతి: గట్టి కర్ర ముక్కలో నిలువు యంత్రం మీద ముందే నిటారుగా ఒక రంధ్రం చేయించి ఉంచుకుని, దానిని తొలవవలసిన చోట అదిమి పెట్టి, ఆ రంధ్రం గుండానే మొనను దించుతారు. మొదటి రెండు మూడు సెంటీమీటర్లు అలా దిగాక దిమ్మెను తీసివేయవచ్చు, ఆపైన కొత్త రంధ్రమే మొనను నడిపిస్తుంది.